ఇత్తడి గిటారు గొంతు మార్పించిన ప్రయాణం

మా తాతగారి తాతగారు గోగులంక జగ్గరాయుడు గారు రెండున్నర గ్రామాలకు మొఖాసాదారు. ఆ అర గ్రామం ఏమిటని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. తక్కిన సగాన్ని గోదావరి కోసుకుపోయింది. కోసుకుపోయిన సగానికి కూడా ఆయన శిస్తు వసూలు చేశారని గిట్టనివాళ్ళు చెబుతారు. మా ముత్తాత పెద వెంకటరాయుడు గారు వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడేవారు. మా తాతగారు సూర్యారాయుడు గారు వస్తే లేవబోయి మళ్ళీ కూర్చునేవారు. మా నాన్నగారి కాలానికి అరుగులే లేవు. ఈ మధ్య నేను నడిచి వస్తుంటే ఇద్దరు లేచి నిలబడ్డారు. వెనకాల బస్సు వస్తోంది.

రామచంద్రపురం అవతల, కాలవ పక్కన ఉన్న మా ఊళ్ళో మా ఇంటికి ఇప్పటికీ ఒక హక్కు ఉంది. వేణుగోపాలస్వామి వారి ఉత్సవాల్లో ఊయల సేవ నాడు, ఊయల ఊపే ముందు మా ఇంటి మనిషి ఒక లాలి వాయించాలి. అది కూడా తాతగారి గిటారు మీదే వాయించాలి. ఆయన మద్రాసులో ఒక తెల్లదొర సామాను వేలం వేస్తుంటే పాడుకుని తెచ్చిన వాయిద్యం అది. మామూలు గిటారు కాదు, రెజొనేటర్ గిటారు. ఒళ్ళంతా ఇత్తడి, పైన తెల్ల పూత. మామూలు గిటారుకి పొట్ట మీద పెద్ద చిల్లు ఉండేచోట దీనికి చక్రాల జల్లెడ లాంటి మూత ఉంటుంది. ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించాలి.

పోయినేడు నేను వాయిస్తే వంటింట్లో స్టీలు కంచం పడి దొర్లుతున్నట్టు వినిపించింది. అర్చకులు గంట పగిలిందేమోనని గంట వంక చూశారు. వెనకాల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సేవ అయ్యాక ఆలయ కమిటీ చైర్మన్ సత్తిబాబు గారు నా దగ్గరకొచ్చి చేతులు కట్టుకుని, "వచ్చే ఏడు మీకెందుకండీ శ్రమ, బ్లూటూత్ స్పీకరుందండి" అన్నారు.

వేరే ప్రాంతాల పాఠకులకు ఇది మర్యాద మాటలా కనిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో ఎవరి హక్కునీ ఎవరూ లాక్కోరు. శ్రమ తగ్గిస్తారు, అంతే. మొదటి తీర్థం పుచ్చుకునే శ్రమ మా నాన్నగారికి ఇలాగే తగ్గించారు. రథం తాడు మొదట పట్టుకునే శ్రమ అంతకు ముందే తగ్గించారు. ఇక తగ్గించడానికి ఇదొక్కటే మిగిలింది. ఈ ఏడు ఊయల సేవ దగ్గర పడుతుంటే గిటారుని జరీ శాలువాలో చుట్టి బయల్దేరాను.

రాజమండ్రి

ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక మా వైపు బస్సులో సీటు దొరకడం పెళ్ళిలో మొదటి బంతి దొరికినంత గొప్ప. కిటికీ పక్కన గిటారుని కూర్చోబెట్టి, ఇవతల నేను కూర్చున్నాను. కండక్టరు గారు లగేజీ టికెట్టు కొట్టబోతే, మా ఇంటి వస్తువు లగేజీ కాదని, మనిషి టికెట్టే కొట్టమని చెప్పాను. ఆయన శాలువా వంక కాసేపు చూశారు.

"ఆడదైతే జీరో టికెట్టండి. ఇది ఆడా, మగాండీ?"

మగ అన్నాను. ఊరికే వచ్చేదానికి చెయ్యి చాపడం మా ఇంట్లో లేదు. ద్వారపూడి దగ్గర ఒక ముసలావిడ ఎక్కి నా పక్కన నిలబడింది. పెద్దావిడ నిలబడితే నేను కూర్చోలేను. గిటారుని లేపుదామంటే దానికి టికెట్టుంది. రాజమండ్రి దాకా నేను నిలబడ్డాను, అది కూర్చుంది. ఆవిడ దాని మీద చెయ్యేసుకుని నిద్రపోయింది. దిగేటప్పుడు, "కుక్కరు బాగా పెద్దది కొన్నారండి, ఎంతమంది మీ ఇంట్లో?" అని అడిగింది.

గిటార్లు బాగుచేసే ప్రసాద్ గారి కొట్టు మెయిన్ రోడ్డు పక్క సందులో ఉంది. మనిషికి ముప్పై ఏళ్ళుంటాయేమో, చెవికి పోగుంది. వెళ్ళగానే రోజ్‌మిల్క్ తెప్పించాడు. గ్లాసు ముప్పై రూపాయలట. మా వైపు చుట్టం వస్తే మజ్జిగ ఇస్తారు, రాజమండ్రిలో గులాబీ రంగు పాలు ఇస్తారు. తాగాక నాలిక చాలాసేపు పెళ్ళికూతురి పాదంలా ఉంటుంది.

ప్రసాద్ జల్లెడ మూత మరలు విప్పి లోపలికి టార్చి వేశాడు. ముందు రెండు వక్కలు బయటికొచ్చాయి. తరవాత ఒక బల్లి వచ్చి, మా ఇద్దర్నీ చూసి, తీరిగ్గా గోడెక్కింది. ఆ తరవాత నాకు సంగతి బోధపరిచాడు. తీగల కింద చిన్న చెక్క మెట్టు ఉంటుంది. ఆ మెట్టు ఒక చెక్క బిళ్ళ మీద, ఆ బిళ్ళ ఒక అల్యూమినియం కోను మీద కూర్చుంటాయి. కోను అంటే బోర్లించిన పల్చటి మూత లాంటిది. తీగ మీటితే ఆ వణుకు బిళ్ళలోంచి కోనులోకి దిగుతుంది. నిజానికి పాడేది కోనే. మా కోను నడుం వంగి సొట్టపడింది, బిళ్ళ రెండుగా చీలింది.

"సౌండు మారాలంటే తీగలు, బిళ్ళ, కోను మార్చాలండి. వాయించే మనిషిని మార్చలేం కదండీ" అన్నాడు.

నేను రోజ్‌మిల్క్ గ్లాసు కింద పెట్టాను. తీగలు, విదేశం నుంచి తెప్పించిన కోను అతని దగ్గరే ఉన్నాయి. గుండ్రటి అట్టపెట్టెలో, దూది మీద పడుకుని ఉంది కోను. వెండిలా మెరుస్తోంది, అప్పడం కంటే పల్చన. దాని దగ్గర గట్టిగా దగ్గొద్దన్నాడు. కొత్త కోను మొదట్లో చెవులు కోసేలా పలుకుతుందనీ, వాయించగా వాయించగా మెత్తబడుతుందనీ కూడా చెప్పాడు. రెండూ కొన్నాను. బిళ్ళ మాత్రం లేదు. గట్టిగా, తేలిగ్గా ఉండే చెక్క కావాలన్నాడు. వీణకి పనస పనికొస్తే మాకూ పనసే అన్నాను. అయితే పాలకొల్లులో గుడి వాహనాలు చెక్కే వీరభద్రాచారి గారి దగ్గరికి వెళ్ళమన్నాడు. పాలకొల్లులో మా అమ్మ చెల్లెలు సుందరమ్మ పిన్ని ఉండటం వల్ల ఆ మాట నాకు నచ్చింది. హోటల్లో దిగడం మా ఇంట్లో లేదు.

కోరుకొండ

మా ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా ముందు కోరుకొండ నరసింహస్వామికి చూపించాలి. మా ముత్తాత గారు కొత్త గుర్రాన్ని చూపించడానికి తీసుకెళ్తే సగం మెట్ల దగ్గర అది మొరాయించిందట. ఆ మెట్లెక్కుతుంటే ఆ గుర్రం మీద నాకు గౌరవం కలిగింది. ఒక్కొక్క మెట్టు మోకాలెత్తు ఉంది. ఒక చేత్తో గిటారు, ఒక చేత్తో కోను పెట్టె పట్టుకుని, ఎక్కడా ఆగకుండా ఎక్కాను. ఆగితే చూసేవాళ్ళు ఆయాసం అనుకుంటారు. రెండు మూడు చోట్ల దృశ్యం బాగుందని నిలబడ్డాను.

పైన దర్శనమయ్యాక గడప దగ్గర నిలబడి, పెట్టె తెరిచి, కోనుని రెండు చేతులా ఎత్తి స్వామికి చూపించాను. తిరిగేసరికి వెనకాల ఒక ముసలి దంపతులు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. ముందు నాకు అర్థం కాలేదు. మెరుస్తున్న కోను బోర్లించి పట్టుకుని, అంచు పంచె కట్టుకుని గుడి గడప ముందు నిలబడ్డవాడు మరెవరై ఉంటాడు? వాళ్ళు శఠగోపం కోసం నిలబడ్డారు.

నేను అర్చకుణ్ణి కానని చెప్పాల్సింది. చెప్పలేదు. మా ఇంటి మనిషి ముందు తలలు వంగి చాలా కాలమైంది. ఆ ఇద్దరి తలల మీదా కోనుని గాలి ఆనినంత మెల్లిగా ఆనించాను. వాళ్ళ వెనకాల ఇంకో కుటుంబం నిలబడింది. దాని వెనక ఒక బస్సెడు మంది. నుదుట కుంకం దట్టంగా పెట్టుకున్న ఒక భారీ మనిషి భక్తి ఎక్కువై తల పైకి పొడిచాడు. కోనుకి కుంకం అంటుకుంది గానీ సొట్ట పడలేదు. ఇంతలో అసలు అర్చకులు లోపల్నుంచి అసలు శఠగోపంతో వచ్చి, వరసనీ నన్నూ చూసి, తాపీగా అన్నారు:

"తమరి సేవ అయిందాండీ, నేను మొదలెట్టుకోవచ్చాండీ?"

మెట్లు దిగేటప్పుడు ఎక్కడా దృశ్యం చూడలేదు.

పాలకొల్లు

గోదావరికి ఇవతలా అవతలా మనుషులొకటే అంటారు గానీ తేడాలున్నాయి. మా వైపు మినపరొట్టెని ఆవకాయతో తింటారు. అవతలి వైపు చెరుకు పానకంలో ముంచుకు తింటారు. మా వైపు చుట్టాన్ని ఎప్పుడొచ్చావని అడుగుతారు. వాళ్ళు ఎన్నాళ్ళుంటావని అడుగుతారు, అదీ ప్రేమగానే. ఒక పద్ధతి మాత్రం రెండు వైపులా ఉంది. పెద్దవాళ్ళింటికి ఒట్టి చేతుల్తో వెళ్ళకూడదు. తెచ్చినదాన్ని, ఇది మీకు తెచ్చానని డబ్బా కొట్టకూడదు. గుమ్మంలో అందించి, లోపల పెట్టించండి అనాలి. పుచ్చుకునేవాళ్ళు, ఇప్పుడివన్నీ ఎందుకు అనాలి. అంతటితో ఆ విషయం ఎత్తకూడదు.

నేను రావులపాలెంలో ఒక అత్తం కర్పూర అరటిపళ్ళు కొన్నాను. పాలకొల్లు బస్టాండులో గిటారుని దించే హడావిడిలో పళ్ళు బస్సులోనే నరసాపురం వెళ్ళిపోయాయి. పిన్ని గుమ్మంలోకి వెళ్ళేదాకా ఆ సంగతి గుర్తురాలేదు. ఎనభై దాటిన మనిషి, ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఆచారి గారు కొట్టు కట్టేస్తారేమోనన్న తొందరలో కోను పెట్టె ఆవిడ చేతిలో పెట్టి, "పిన్నీ, ఇది లోపల పెట్టించండి, జాగ్రత్త" అనేశాను.

ఆవిడ ఒక్క క్షణం ఆ పెట్టె వంక చూసి, "ఇప్పుడివన్నీ ఎందుకురా చంటీ" అంది.

అరవై ఏళ్ళు నిండిన నన్ను చంటీ అని పిలిచే మనిషి లోకంలో ఆవిడొక్కతే. ఆ పిలుపుకి నొచ్చుకోవడంలో పడి, ఆ మాట వెనక ఏముందో నేను గమనించలేదు.

వీరభద్రాచారి గారి కొట్లో సగం చెక్కిన గరుత్మంతుడు ముక్కు లేకుండా నిలబడి ఉన్నాడు. ఆచారి గారు ఎక్కడెక్కడి గుళ్ళకి తన హంసలు వెళ్ళాయో, ఎవరెవరు ఎలా నోరెళ్ళబెట్టారో చెబుతూనే పనస చెక్క కోశారు. బిళ్ళ గురించి చెప్పింది ఒక్క ముక్కా వినలేదు. మొదట చేసిచ్చిన దాని మీద కూర్చుని భోజనం చెయ్యొచ్చు. పల్చన చేయమన్నాను. పల్చన చేసి, మీద అష్టదళ పద్మం చెక్కడం మొదలెట్టారు. అది మూత కింద ఉంటుందనీ, ఎవరికీ కనపడదనీ చెప్పాను.

"ఆయ్, స్వామికి కనపడదేంటండీ" అన్నారు.

అయితే రేకులు చెక్కాక బిళ్ళ బరువెక్కువైందని ఆయనే తేల్చి, రేకులన్నీ మళ్ళీ చిత్రిక పట్టారు. చివరికి బొటనవేలంత మందాన, పద్మం ఉండాల్సిన చోట ఎనిమిది గుంటలతో ఒక బిళ్ళ తయారైంది. మెట్టు అతికించి ఆరబెట్టి, పొద్దున్నే తానే తెచ్చి బిగిస్తానన్నారు.

ఇంటికొచ్చేసరికి వీధి మలుపు దాకా మినపరొట్టె వాసన. పీట వేసి, మూడంగుళాల మందాన ఒక ముక్క విస్తట్లో పెట్టింది పిన్ని. పైన కరకర, లోపల దూది. చెరుకు పానకం పక్కన గిన్నెలో ఉంది. నిష్పక్షపాతంగా చెబుతున్నాను, ఆవకాయ కంటే పానకమే మేలు. ఇంత సమంగా ఎలా కాలిందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"అంతా నువ్వు తెచ్చిన మూత మహిమేరా. ఆవిరి పోడానికి మధ్యలో చిల్లు కూడా పెట్టాడు మహానుభావుడు" అంది.

పొయ్యి వంక చూశాను. ఇత్తడి గిన్నె మీద, పసుపు రాసి బొట్టు పెట్టి, మా కోను కూర్చుని ఉంది.

నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. పక్కింటావిడ మూత చూడటానికి వచ్చింది. పిన్ని ఆవిడతో, మా అక్క కొడుకు తెచ్చాడు, ఎంత తేలికో చూడు, ఈ వయసులో బరువు మూతలు ఎత్తలేనని తెలిసి తెచ్చాడు అని చెబుతోంది. మీ బావగారి వాళ్ళ వైపు నుంచి ఎవరూ ఎప్పుడూ ఏమీ తేరనేదానివి కదా అని పక్కింటావిడ అంటే, ఇప్పుడు తెచ్చాడుగా అని గట్టిగా జవాబు చెప్పింది. ఇక నేనేం చెప్పను? అది నీకోసం తేలేదు, ఇటివ్వమని అడగనా? ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మా రెండున్నర గ్రామాల చరిత్రలో లేదు. అడక్కపోతే గిటారుకి గొంతు లేదు. మరో కోను విదేశం నుంచి వచ్చేలోపు ఊయల సేవ అయిపోతుంది, స్పీకరు లాలి పాడుతుంది. ఆలోచిస్తూ రెండో ముక్క, మూడో ముక్క కూడా తిన్నాను.

పిన్నిగారి వంటిల్లు

పొద్దున్న కాఫీలవేళకి ఆచారి గారు బిళ్ళతో దిగారు. కోనేదండీ అన్నారు. చూద్దాం, తొందరేముందన్నాను. తొందర మీదేగా అన్నారు. ఆయన మాట్లాడుతూనే కళ్ళు ఇల్లంతా తిప్పుతారని నాకు అప్పుడే తెలిసింది. వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయి, "అదేగాండీ కోను. బూడిదేసి తోముతున్నారేంటండీ పిన్నిగారు?" అని అక్కణ్ణుంచే అడిగారు.

పిన్ని కొబ్బరిపీచు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, మూత పట్టుకుని బయటికి వచ్చింది. గిటారు పొట్టలో ఉన్న గుండ్రటి ఖాళీని చూసింది. చేతిలో మూత చూసింది. రెండూ ఒకే కొలత.

"ఇది నాకు తేలేదురా?"

"మీకే తెచ్చాను పిన్నీ" అన్నాను.

అంతకంటే నిటారుగా నేనెప్పుడూ కూర్చోలేదు. పిన్ని మూతని కొంగుతో తుడిచింది.

"నాకు తెస్తే నాదే కదా. నాది నేను ఎవరికైనా ఇచ్చుకుంటాను. తీసుకో."

"అలా పుచ్చుకోవడం మా ఇంట్లో..."

"తెలుసురా. మీ ఇంట్లో ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం లేదు. ఆ ఇవ్వడం కూడా నేను చూడలేదనుకో. పట్టు చెయ్యి."

పట్టాను. ఆవిడ ఒట్టిది ఇవ్వలేదు. రాత్రి మిగిలిన రొట్టె ముక్క అందులో పెట్టి ఇచ్చింది. ఆ ముక్క ఆచారి గారు తిన్నారు.

బిళ్ళని కోను నెత్తిన బిగించి, కోనుని దాని గూట్లో కూర్చోబెట్టి, కొత్త తీగలు కట్టేసరికి భోజనాలవేళైంది. వరండాలో కూర్చుని మొదటి తీగ మీటాను. కంచం చప్పుడు లేదు. ప్రసాద్ గారు చెప్పిన చెవికోత కూడా లేదు. కంచు గంట కొట్టి అరచెయ్యి అడ్డం పెడితే లోపల మిగిలే మోత ఉంటుందే, అలా గుండ్రంగా వచ్చి వీధి చివరి దాకా వెళ్ళింది. పక్కింటి ఆవు తలెత్తింది. పిన్ని మాత్రం కళ్ళు మూసుకుని, మళ్ళీ వాయించమన్నట్టు వేలు ఆడించింది.

ప్రసాద్ గారికి ఫోన్ చేసి, కొత్త కోను అప్పుడే మెత్తబడటానికి కారణం ఏమై ఉంటుందని అడిగాను. జరిగింది చెప్పాల్సి వచ్చింది.

"సన్న సెగ మీదేనాండీ?" అని అడిగాడు. అవునన్నాను. అయితే, "ఇది వేరేవాళ్ళకి చెప్పకండి" అన్నాడు.

మళ్ళీ ఊళ్ళో

ఊయల సేవ నాటికి సత్తిబాబు గారు స్పీకరు తెచ్చి స్తంభం పక్కన పెట్టించారు. నేను ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్ళి, ఊయల ముందు పంచె సర్దుకుని కూర్చున్నాను. వాయించబోయే మనిషిని లేవమనడం కూడా మా వైపు లేదు. స్విచ్చి దగ్గర నిలబడ్డ మనిషి సత్తిబాబు గారి వంక చూశాడు. ఆయన నా వంక చూశారు. నేను లాలి ఎత్తుకున్నాను.

ఉక్కు కడ్డీ తీగ మీద జారగానే కబుర్లు ఆగిపోయాయి. నోటికి అడ్డం పెట్టుకుందామని కొంగులు చేతిలోకి తీసుకున్నవాళ్ళు వాటిని అలాగే పట్టుకుని ఉండిపోయారు. గోపురం మీది పావురాలు లేచిపోయాయి. నిద్రపోతున్న ఒక పసివాడు లేచి ఏడుపందుకున్నాడు. లాలికి అది తగదు గానీ, పోయినేడు నిద్రపోయినవాళ్ళెవరూ లేరు, లేచినవాళ్ళూ లేరు. అర్చకులు గంట వంక చూడలేదు, ఊయల తాడు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అయ్యాక ఇంకోసారి వాయించమన్నారు. మా తాతగారి తరవాత ఎవరినీ అలా అడగలేదని పెద్దవాళ్ళు చెప్పారు.

ప్రసాదం పంచేటప్పుడు సత్తిబాబు గారు దొన్నె స్వయంగా తెచ్చిచ్చారు.

"వచ్చే ఏడు కూడా మీరే కదండీ?"

"చూసి చెబుతాను" అన్నాను.

ఇంటికొచ్చాక పిన్ని సంగతి మా ఆవిడతో మాట్లాడాను. పుచ్చుకుని ఊరుకోవడం బాగుండదని ఇద్దరమూ అనుకున్నాం. పాలకొల్లుకి మంచి కంచు గిన్నె, దానికి సరిపడే తేలికపాటి మూత, ఒక పట్టుచీర పట్టుకెళ్ళాను. ఈసారి ఇవి మీకే తెచ్చానని గుమ్మంలోనే గట్టిగా చెప్పి మరీ ఇచ్చి వచ్చాను. మా గేటు స్తంభాల మీద జగ్గరాయుడు గారు పోత పోయించిన ఇత్తడి సింహాలు రెండు ఉండేవి. ఈ ఖర్చుకి ఎడమ వైపుది అమ్మేశాం.